మైల తీరని మనుషులు: మధ్యయుగ జపాన్‌లో అంటరానితనం

'మధ్యయుగ ప్రపంచ నాగరికతలు' అనే పాఠం మన కాలేజీ చరిత్ర పుస్తకాల్లో ఏదో ఒక రూపంలో ఉంటుంది. బాగ్దాదు ఖలీఫాలు, చైనా సుంగ్ వంశం, కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తులు, యూరప్ భూస్వామ్యం, ఆఖరున ఒకటి రెండు పేజీల్లో జపాన్. జపాన్ అనగానే సమురాయ్ కత్తి, జెన్ బౌద్ధం, రాతి తోటలు, నో నాటకం. పరీక్షకు అంతవరకు చాలు. ఆ సమురాయ్ కవచానికి తోలు పదును చేసిందెవరు, ఆ రాజధానిలో శవాలు ఎత్తిందెవరు, ఆ తోటలో బండలు మోసి నిలబెట్టిందెవరు అని అడిగితే మాత్రం పుస్తకం నోరు విప్పదు. అడిగే అలవాటు మనకూ లేదు. నాగరికత అంటే కట్టించినవాడి పేరే గాని కట్టినవాడి పేరు కాదని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు గదా.

ఈ వ్యాసంలో మేము మధ్యయుగ జపాన్‌ను ఆ ప్రశ్న దగ్గర నుంచే చూస్తున్నాం. దీనికి కారణం ఉంది. వర్ణ వ్యవస్థ లేని దేశం, మనుస్మృతి చదవని దేశం, బౌద్ధం రాజ్యమతంగా వర్ధిల్లిన దేశం అది. అటువంటి దేశంలోనూ కొంతమంది మనుషుల్ని ముట్టరాని వాళ్లుగా చేశారు. ఎట్లా చేశారు? ఎవరు చేశారు? ఈ ప్రశ్నలకు జవాబు అక్కడి కాగితాల్లో శతాబ్దం తర్వాత శతాబ్దంగా దొరుకుతుంది. అంటరానితనం అనాదిగా ఉన్నది కాదనీ, తయారైన వస్తువనీ చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం అరుదు.

అంటు వేరు, అంటరానితనం వేరు

డాక్టర్ అంబేడ్కర్ 1948లో వెలువరించిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో మొదట్లోనే ఒక తేడా చూపిస్తారు. చావు, పుట్టుక, బహిష్టు వంటివాటికి మైల పట్టడం ప్రపంచంలో చాలా సమాజాల్లో ఉంది. అయితే ఆ మైల కొన్నాళ్లకు తీరిపోతుంది. స్నానమో, క్రతువో చేస్తే మనిషి మళ్లీ మామూలు మనిషే. హిందూ గ్రామంలో అంటరానివాడి మైల అట్లాంటిది కాదు. అది పుట్టుకతో వచ్చి చావుతో కూడా పోదు, పిల్లలకు వారసత్వంగా దిగుతుంది.

మన తెలుగులోనే ఈ తేడా ఉంది. 'అంటు' అంటే కొన్నాళ్లది. పురిటి మైల తీరుతుంది, చావు మైల పెద్దకర్మతో తీరుతుంది. 'అంటరానితనం' తీరేది కాదు. మరి కొన్నాళ్ల అంటు జన్మల అంటరానితనంగా ఎక్కడ మారుతుంది, ఏ చేతుల మీదుగా మారుతుంది? జపాన్ చరిత్రను ఈ ఒక్క ప్రశ్నతో చదువుదాం.

మైలకు లెక్క కట్టిన రాజ్యం

జపాన్‌లో మైలను 'కెగారె' అంటారు. పాత నమ్మకాల్లో అది ఉన్నదే. దానికి చట్టం రూపం ఇచ్చింది మాత్రం రాజ్యం. చక్రవర్తి ఆస్థానంలో క్రీ.శ. 927లో పూర్తి చేసి 967 నుంచి అమల్లో పెట్టిన 'ఎంగిషికి' అనే నిబంధనల సంపుటి ఉంది. యాభై భాగాల ఆ గ్రంథంలో దేవతల పూజలకు సంబంధించిన చోట మైలకు రోజుల లెక్క రాశారు. మనిషి చస్తే 30 రోజులు. కాన్పుకు 7 రోజులు. పెంపుడు జంతువు చస్తే 5 రోజులు, ఈనితే 3 రోజులు. మాంసం తింటే 3 రోజులు. ఆ రోజులు గడిచేదాకా ఆ మనిషి రాజప్రాసాదంలోకి, దేవస్థానంలోకి రాకూడదు.

మైల ఎట్లా అంటుకుంటుందో కూడా రాశారు. ఒకరి ఇంట్లో మైల ఉంది. రెండోవాడు ఆ ఇంటికి వచ్చి కూర్చుంటే వాడికీ, వాడి ఇంటిల్లిపాదికీ మైల. ఆ రెండోవాడి ఇంటికి మూడోవాడు వెళితే మూడోవాడికి మాత్రమే మైల, వాడి ఇంటివాళ్లకు లేదు. అదే రెండోవాడు మూడోవాడి ఇంటికి వచ్చి కూర్చుంటే ఆ ఇంట్లో అందరికీ మైల. మూడోవాడి ఇంటికి వెళ్లిన నాలుగోవాడికి ఏమీ లేదు. ధర్మశాస్త్రాల ప్రాయశ్చిత్త కాండలు తిరగేసినవాళ్లకు ఈ ధోరణి కొత్తగా అనిపించదు. ఊళ్లో ముసలమ్మల నమ్మకంలా మొదలైనది రాజాస్థానంలో గుమాస్తా లెక్క అయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ లెక్కలో మైల అందరిదీ. మంత్రికీ పడుతుంది, గుర్రాలు కాసేవాడికీ పడుతుంది. రోజులు గడిస్తే అందరికీ తీరుతుంది. అంటే అంబేడ్కర్ చెప్పిన మొదటి రకం. కానీ అదే ఎంగిషికిలో ఇంకో నిబంధన ఉంది. రాజధానికి ఉత్తరాన ఉన్న కామో దేవస్థానం దక్షిణపు పొలిమేరలో కసాయిలూ, కట్టుబాటు లేని బిచ్చపు సన్యాసులూ కాపురం ఉండరాదు అని. ఇక్కడ రోజుల లెక్క లేదు. ఇక్కడ మైల ఒక పనికి, ఒక రకం మనుషులకు అంటుకుంది. రెండో రకం మైలకు విత్తు అక్కడ పడిందని మేము అనుకుంటున్నాం.

మాంసం సంగతి కూడా చెప్పుకోవాలి. 675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసం తినకూడదని శాసనం చేశాడు. అదీ నాలుగో నెల నుంచి తొమ్మిదో నెల దాకా, అంటే వ్యవసాయం సాగే కాలంలో. అడవి పంది, లేడి ఆ జాబితాలో లేవు. బౌద్ధ దయ పేరుతో వచ్చిన శాసనమే, కానీ దుక్కి పశువును కాపాడే రాజ్యం లెక్క కూడా అందులో కనబడుతుంది. ఎద్దు బతికి ఉన్నంతకాలం రైతుది, రాజుది. చచ్చాక? చచ్చిన ఎద్దును ముట్టుకుంటే 5 రోజుల మైల. తోలు మాత్రం అందరికీ కావాలి.

రోజులు తీరనివాళ్లు

794లో రాజధాని హేయన్‌కు వచ్చింది. అదే నేటి క్యోటో. నగరానికి తూర్పున కామో నది. నది దాటితే కియొమిజు గుడి ఏటవాలు, దాని పక్కన తోరిబెనో శ్మశానం. దహనం చేయడానికి కట్టెలు కొనగలిగేవాళ్లు కొందరే. పేదవాళ్ల శవాలు నది ఇసుకలోనే పడి ఉండేవి. 842లో నది ఒడ్డున పడి ఉన్న పుర్రెల్ని ఏరి కాల్చమని ప్రభుత్వం ఆజ్ఞ ఇస్తే 5,500కు పైగా లెక్క తేలాయని ఆస్థాన చరిత్రలోనే రాశారు. 1181-82 కరువులో ఒక బౌద్ధ భిక్షువు రెండు నెలలు తిరిగి రాజధానిలో ఒక భాగంలోనే 42,300కు పైగా శవాలు లెక్కపెట్టాడని ఆ కాలపు రచన 'హోజోకి' చెబుతుంది. లెక్కపెట్టినవాడి పేరు మిగిలింది. ఎత్తినవాళ్ల పేర్లు మిగల్లేదు.

శవాలు ఇంత పలచగా, ఇంత దగ్గరగా ఉన్న నగరంలో మైల పట్టింపు ఉన్న దొరల బతుకు ఎట్లా సాగాలి? కుక్కలు శవాల నుంచి చెయ్యో కాలో నోట కరుచుకొచ్చి ప్రభువుల పెరట్లో పడేసేవి. దానికి 7 రోజుల మైల అని ఇంకో లెక్క. ఆ మైల వల్ల పూజ ఆగిపోయిందనీ, ఆస్థానానికి పోలేకపోయామనీ కులీనుల డైరీలు మాటిమాటికీ రాస్తాయి. కాబట్టి మైలను రోజూ ఎత్తిపోసే మనుషులు కావాలి. 30 రోజుల మైలను ఒకరు ప్రతిరోజూ తమ మీద వేసుకుంటే తప్ప మిగతావాళ్లకు మైల తీరదు. ఇదీ అసలు కిటుకు. వాళ్లకు మాత్రం 30 రోజులు ఎప్పటికీ గడవవు. ఈ రోజు శవానికి గడువు తీరకముందే రేపటి శవం వస్తుంది.

ఈ పనికి వచ్చినవాళ్లు ఎవరు? ఒక్క జాతి కాదు, ఒక్క వృత్తి కాదు. పన్ను కట్టలేక పొలం వదిలి పారిపోయినవాళ్లు, కరువులో ఊరు ఖాళీ చేసినవాళ్లు, కుష్ఠు సోకి ఇంట్లోంచి గెంటివేయబడినవాళ్లు, అవిటివాళ్లు, బిచ్చగాళ్లు. వీళ్లందరినీ కలిపి 'హినిన్' అన్నారు. అంటే మనిషి కానివాడు. క్యోటోలో కియొమిజు ఏటవాలు మీద, నారాలో నారా ఏటవాలు మీద వీళ్ల వాడలు ఉండేవి. ఒక్కో వాడకు ఒక పెద్ద. శవం ఎత్తడం, గుడి వాకిళ్లు ఊడవడం, నేరస్తుల ఇళ్లు కూల్చడం వీళ్ల పని. రాజధాని పోలీసు శాఖ ఈ పని చేయించేది, పెద్ద గుళ్లూ చేయించేవి.

వీళ్ల ఇంకో పేరు 'కియొమె'. ఆ మాటకు అర్థం శుద్ధి చేయడం, శుద్ధి చేసేవాడు. ఇక్కడ పాఠకులు ఒక్క నిమిషం ఆగాలి. నగరాన్ని శుద్ధి చేసేవాడిదే అశుద్ధం. పెంట చేసినవాడు శుద్ధుడు, ఎత్తినవాడు మైలవాడు. మన మునిసిపాలిటీల్లో పాకీ పని చేసిన కులాలకు ఈ తర్కం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

గియోన్ దేవస్థానం కింద పనిచేసే హినిన్లను 'ఇనుజినిన్' అన్నారు. మాటకు మాట అర్థం చెప్పుకుంటే 'దేవుడి కుక్క మనుషులు'. దేవుడి ఊరేగింపులో దారి శుద్ధి చేస్తూ ముందు నడిచేది వీళ్లే. ఆ దేవస్థానం మీద పెత్తనం హియెయి కొండ మీది ఎన్ర్యకుజి మఠానిది. ఆ మఠానికి ఎవరిమీదైనా కోపం వస్తే పంపేదీ వీళ్లనే. 1227లో హోనెన్ అనే బౌద్ధ గురువు సమాధిని పగలగొట్టడానికి వీళ్లనే పంపారు. పూజలో ముందు నడవాలి, దొమ్మీలో ముందు ఉండాలి. ఊరు మాత్రం బయటే.

వీళ్లను ఎట్లా అర్థం చేసుకోవాలి అన్నదాని మీద జపాన్ చరిత్రకారుల్లో పెద్ద వాదమే నడిచింది. కురొద తొషియొ అనే ఆయన హినిన్లను సమాజపు అంతస్తులన్నిటికీ బయటికి తోసివేయబడ్డవాళ్లుగా చూశాడు. అమినో యోషిహికో (1928-2004) ఒప్పుకోలేదు. మొదటి రోజుల్లో వీళ్లకు దేవుడి మనుషులుగా ఒక భయం, ఒక గౌరవం కూడా ఉండేవనీ, 14వ శతాబ్దం నుంచి ఆ భయం కాస్తా అసహ్యంగా దిగజారిందనీ ఆయన వాదం. 1244లో నారా ఏటవాలు హినిన్లు కియొమిజు ఏటవాలు వాళ్లతో వచ్చిన తగవులో పెట్టుకున్న అర్జీలు ఇప్పటికీ ఉన్నాయి. అందులో వాళ్లు తమను తాము గుడికీ దేవుడికీ శుద్ధి చేసే ముఖ్యమైన పనివాళ్లుగా చెప్పుకున్నారు. అమినో మాటకు ఇది బలమిస్తుంది. అయినా మాకు ఒక సందేహం ఉంది. పోతరాజు వేషం కట్టించి, జోగినిని చేసి, జాతరలో ముందు నడిపించిన గౌరవం మన వాడలకూ తెలుసు. ఆ గౌరవం తెల్లారి ఊరి బావి దగ్గర పనికిరాదు.

మన దగ్గర నుంచి వెళ్లిన మాట

జపాన్ కథలో భారతదేశానికి నేరుగా సంబంధం ఉన్న ఘట్టం ఇది. బౌద్ధం చైనా, కొరియాల మీదుగా 6వ శతాబ్దంలో జపాన్ చేరింది. చైనా భాషలోకి మారిన సంస్కృత గ్రంథాలతో పాటు ఒక మాట కూడా ఓడెక్కింది. ఆ మాట 'చండాల'. జపాన్‌లో అది 'సెందర' అయింది.

5వ శతాబ్దం మొదట్లో మన దేశం తిరిగిన చైనా యాత్రికుడు ఫాహియాన్, చండాలురు ఊరికి దూరంగా ఉంటారనీ, పట్టణంలోకి వచ్చేటప్పుడు కర్ర మీద కొట్టి చప్పుడు చేస్తారనీ రాసుకుపోయాడు. అంతకంటే బలంగా పనిచేసింది సద్ధర్మ పుండరీక సూత్రం. జపాన్‌లో ఇంత ప్రభావం చూపిన బౌద్ధ గ్రంథం ఇంకొకటి లేదనే చెప్పాలి. అందులోనే, ధర్మం బోధించే బోధిసత్వుడు చండాలురతోనూ, పందులూ కోళ్లూ పెంచేవాళ్లతోనూ, వేటగాళ్లతోనూ, జాలర్లతోనూ చనువుగా ఉండరాదని ఒక నియమం ఉంది. పాకీ పని చేసిన సునీతుణ్ణి సంఘంలోకి తీసుకున్న బుద్ధుడి మార్గంలోకి ఈ నియమం ఎట్లా వచ్చింది? బ్రాహ్మణీయ సమాజం మధ్య బతికిన బౌద్ధ సంఘం ఆ సమాజపు చూపును కొంత మింగేసిందనే మా అంచనా.

13వ శతాబ్దం రెండో సగంలో జపాన్‌లో 'చిరిబుకురొ' అనే ఒక విజ్ఞాన గ్రంథం వచ్చింది. మాటల పుట్టుకలు చెప్పే పుస్తకం. అందులో 'ఎత' అనే మాట గురించి ఉంది. కియొమెలను ఎత అని ఎందుకంటారు అని ప్రశ్న వేసుకుని, రాజుల వేట డేగలకు మేతగా మాంసం సేకరించేవాళ్ల పేరు నుంచి వచ్చిందని జవాబు చెబుతుంది. ఆ తర్వాత, భారతదేశంలో చండాలురని ఉంటారు, ప్రాణుల్ని చంపి అమ్ముతారు, మన ఎతల వంటి చెడ్డవాళ్లే అన్న అర్థం వచ్చేట్టు వివరిస్తుంది. అంటే తమ ఊరి మనిషిని ఎట్లా చూడాలో చెప్పడానికి వాళ్లకు మన దేశపు చండాలుడు ఉదాహరణగా పనికొచ్చాడు. ఆ 'ఎత' అనే మాటను రాయడానికి వాడిన రెండు అక్షరాలకు అర్థం 'మైల ఎక్కువ'. అది నేటికీ జపాన్‌లో ఘోరమైన తిట్టు. చరిత్ర చెప్పాల్సిన చోట తప్ప దాన్ని వాడకూడదు కాబట్టి మేమూ ఇక్కడితో ఆపుతున్నాం.

గమనించండి. మైల రాజ్యం ఇచ్చింది. పని నగరం ఇచ్చింది. ఇప్పుడు పుట్టుక మతం నుంచి వచ్చింది. చండాలుడు పని వల్ల చండాలుడు కాదు, పుట్టుక వల్ల. ఆ ఆలోచన తోడయ్యాక కొన్నాళ్ల అంటు వంశాల అంటుగా మారడానికి దారి తెరుచుకుంది.

పెట్టిన చెయ్యి, లేపని చెయ్యి

బౌద్ధులందరూ ఒకేరకంగా ఉన్నారని చెప్పడం అన్యాయం. నారాలో సయిదైజి మఠాన్ని నడిపిన ఎయిసొన్ (1201-1290) హినిన్ వాడలకు స్వయంగా పోయాడు. మంజుశ్రీ బోధిసత్వుడు బిచ్చగాడి రూపంలో వస్తాడని చెప్పే సూత్రం ఆయనకు ఆధారం. 1269లో నారా దగ్గర హన్నయజి గుడిలో రెండువేల మంది హినిన్లను మంజుశ్రీ రూపాలుగా భావించి కూర్చోబెట్టి దానాలు చేశాడు. ఆయన శిష్యుడు నిన్షో (1217-1303) కుష్ఠు రోగులకు ఆశ్రయం కల్పించాడు, వంతెనలు కట్టించాడు. నడవలేని ఒక రోగిని రోజూ వీపు మీద మోసుకుని సంతకు తీసుకెళ్లేవాడని ఆయన గురించి చెప్పుకుంటారు.

ఇది చిన్న పని కాదు. ముట్టుకుంటే మైల అనే కాలంలో వీపున మోయడం అంటే తెగింపే. కానీ ఇంకోవైపు చూడాలి. వాళ్ల బోధలో ఈ దురవస్థకు కారణం పూర్వజన్మ పాపమే. ధర్మాన్ని దూషించినందుకే ఈ జన్మలో ఈ రోగం, ఈ బతుకు. కాబట్టి దానం చేస్తారు, శీలాలు ఇస్తారు, పని మాత్రం మార్చరు. 1275లో కియొమిజు ఏటవాలు పెద్దలు ఎయిసొన్‌కు రాసిచ్చిన హామీపత్రంలో రోగుల్ని వాళ్ల ఇళ్ల నుంచి బలవంతంగా లాక్కురామని ఒప్పుకున్నారు. అంటే అప్పటిదాకా ఏం జరిగేదో తెలుస్తూనే ఉంది. వాడ లోపల దౌర్జన్యం తగ్గింది. వాడ మాత్రం అట్లాగే ఉంది.

ఇంకొకాయన నిచిరెన్ (1222-1282). ప్రభుత్వం సాదో దీవికి ప్రవాసం పంపినప్పుడు 1272లో శిష్యులకు రాసిన లేఖలో తాను చండాల కుటుంబంలో పుట్టినవాణ్ణని చెప్పుకున్నాడు. ఆయనది సముద్రపు ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. రాజులూ మఠాధిపతులూ ఎదురుగా ఉండగా ఆ మాట దాచకుండా రాసినందుకు ఆయన్ని గుర్తుపెట్టుకోవాలి.

1956లో నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్న అంబేడ్కర్ దాన్ని ఉన్నదున్నట్టుగా ఎందుకు తీసుకోలేదో ఈ చరిత్ర చదివితే బాగా అర్థమవుతుంది. 1957లో వచ్చిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో పూర్వజన్మ కర్మ వల్ల ఈ జన్మలో పేదరికం, నీచత్వం అన్న వాదాన్ని ఆయన గట్టిగా తోసిపుచ్చారు. పూర్వజన్మ కర్మను ఉంచుకుని దానం చేసిన బౌద్ధం జపాన్‌లో ఏడువందల ఏళ్లకు పైగా ఉంది. దాని ఫలితం ఏమిటో చూశాం.

బండలు నిలబెట్టిన చేతులు

కామో నది ఒడ్డును 'కవర' అంటారు. వరద వచ్చే ఇసుక నేల కాబట్టి పన్ను లేదు. తోళ్లు కడగడానికి నీళ్లు, ఆరవేయడానికి చోటు. చచ్చిన పశువుల్ని ఎత్తి, తోలు తీసి పదును చేసేవాళ్లు అక్కడ గుడిసెలు వేసుకున్నారు. వాళ్లను 'కవరమోనో', నది ఒడ్డు మనుషులు అన్నారు. బావులు తవ్వడం, గోడలు పెట్టడం, చెట్లు పెకలించి నాటడం, బండలు మోయడం కూడా వాళ్ల పనే. నేల తవ్వడం కూడా అప్పట్లో మైల పనే. ఆ మోతపని చేస్తూ చేస్తూ వాళ్లలో కొందరు తోటపనిలో మొనగాళ్లయ్యారు.

వాళ్లలో పెద్దవాడు జెన్‌అమి (1386-1482). షోగన్ అషికగ యోషిమసకు ఇష్టమైన తోట నిపుణుడు. జెన్‌అమికి జబ్బు చేస్తే షోగన్ మందులు పంపాడని ఒక జెన్ మఠం దినచర్యలో రాసి ఉంది. 1482లో యోషిమస మొదలుపెట్టిన హిగషియమ సౌధం నేటి గింకకుజి, అదే వెండి మంటపం గుడి. అక్కడి పనిలో జెన్‌అమి కొడుకు కొషిరో, మనవడు మతషిరో ఉన్నారు.

ఇదే కాలంలో ఇంకో సంగతి. 1428లో ఒక కులీనుడు తన డైరీలో రాసుకున్నాడు: నది ఒడ్డు మనుషులు మైలవాళ్లు కాబట్టి చక్రవర్తి ప్రాసాదంలోకి రానివ్వడం కిందటేడు నుంచి ఆపేశారు, ఆ తోటపనికి ఇంకోరకం తక్కువ వాళ్లను, మంత్రాలు చదివి అడుక్కునే వాళ్లను, పెట్టుకుంటున్నారు అని. ఒక అట్టడుగు సమూహాన్ని తీసి ఇంకో అట్టడుగు సమూహాన్ని పెట్టడం ఎంత పాత విద్యో చూడండి. తోట కావాలి, తోట వేసినవాడు తోటలో కనబడకూడదు.

1489లో మతషిరో ఒక జెన్ భిక్షువుతో అన్న మాటలు ఆ భిక్షువు దినచర్యలో మిగిలాయి. కసాయి ఇంట పుట్టినందుకు తనకు దుఃఖమనీ, అందుకే ప్రాణం తీయననీ, సొమ్ముకు ఆశపడననీ ఒట్టు పెట్టుకున్నాననీ అతను చెప్పాడు. ఇతనే మనిషంటే అన్న భావంతో భిక్షువు రాశాడు. మనిషి కానివాడని పిలిచే లోకంలో ఒకడు మనిషి అని రాశాడు గదా అని మేము మొదట సంతోషించాం. రెండోసారి చదివినప్పుడు మనసు కష్టమైంది. ఏ తప్పూ చేయనివాడు పుట్టుకకు సిగ్గుపడాలి. ఆ సిగ్గు పడినందుకే వాడికి మనిషన్న సర్టిఫికెట్ దొరకాలి.

క్యోటోలో ర్యోఅన్‌జి గుడి రాతి తోట ప్రపంచ ప్రసిద్ధం. తెల్లటి కంకర మీద 15 రాళ్లు. దాని శూన్యత గురించి, ధ్యానం గురించి పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి. అక్కడ గోడవైపు ఉన్న ఒక రాయి వెనక రెండు పేర్లు చెక్కి ఉన్నాయి. ఒకటి కొతరో. రెండోది సగం చెరిగిపోయింది, 'జిరో' అన్న చివరి భాగం తెలుస్తుంది. ఇవి తోట వేసిన కవరమోనోల పేర్లు కావచ్చని చాలామంది పరిశోధకులు భావిస్తారు. చూసేవాళ్లు కూర్చునే వసారా నుంచి ఆ పేర్లు కనబడవు. గింకకుజి, ర్యోఅన్‌జి రెండూ 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

నాటకం సంగతీ అంతే. 1378లో షోగన్ యోషిమిత్సు గియోన్ ఊరేగింపు చూస్తూ బాలనటుడు జెయమిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇతని ఆట బిచ్చగాళ్ల వృత్తి గదా, ఇంత దగ్గరికి తీయడమేమిటని ఒక కులీనుడు డైరీలో ఈసడించుకున్నాడు. ఆ జెయమే తర్వాత నో నాటకానికి మహాకవి. మన డప్పు, మన చిందు భాగవతం, మన యక్షగానం ఎవరి చేతుల్లో పుట్టి ఎవరి అకాడమీలకు చేరాయో తెలిసినవాళ్లకు ఇది కొత్త కథ కాదు.

పట్టీలోకి ఎక్కిన మైల

16వ శతాబ్దంలో యుద్ధాలు ముదిరాక కవచానికి, జీనుకు, అంబులపొదికి తోలు కావలసి వచ్చింది. యుద్ధప్రభువులు తోలు పనివాళ్లను తమ కోటల దగ్గర వాడలు కట్టించి పెట్టుకున్నారు. తొయొతొమి హిదెయొషి 1582 నుంచి దేశమంతా భూమి కొలిపించినప్పుడు పట్టీల్లో కొందరి పేర్ల పక్కన 'కవత', అంటే తోలు పనివాడు, అని రాశారు. తొకుగవ పాలనలో (1603-1868) ప్రతి ఇల్లూ ఏదో ఒక బౌద్ధ గుడి పట్టీలో నమోదు కావాలి. వీళ్లకు చాలాచోట్ల వేరే పట్టీ పెట్టారు. పెళ్లి వాళ్లలో వాళ్లకే. ఊళ్లో చచ్చిన పశువు వాళ్లదే, ఎత్తడం వాళ్ల హక్కూ, వాళ్ల బాధ్యతా. చనిపోయాక పెట్టే బౌద్ధ నామంలో కూడా కొన్ని గుళ్లు 'పశువు' అన్న అర్థం వచ్చే అక్షరం చేర్చి సమాధి రాయి మీద చెక్కాయి. మధ్యయుగంలో ఈ మనుషుల గీత ఇంకా కొంత చెరుపుకోదగినదిగా ఉండేది. కలంతో పట్టీలో రాశాక అది చెరగడం కష్టమైంది.

1871లో మెయిజి ప్రభుత్వం ఈ పేర్లను రద్దు చేస్తూ శాసనం ఇచ్చింది. పేరు రద్దయింది. తోలు మీద ఉన్న హక్కూ పోయింది. బదులుగా భూమి గాని, డబ్బు గాని రాలేదు. వీళ్లు మాకు సమానమా అని 1873లో మిమసాక ప్రాంతంలో రైతులు ఎగబడి వీళ్ల ఇళ్లు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. కారంచేడు (1985), చుండూరు (1991) చూసిన మనకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

1922 మార్చి 3న క్యోటోలో ఈ వాడల యువకులు 'సుయిహెయిషా' అనే సంస్థ పెట్టారు. నీటి మట్టంలా అందరూ సమానం అన్న అర్థం ఆ పేరులో ఉంది. ఇతరులు తిట్టుగా వాడిన పేరునే వాళ్లు తలెత్తుకుని చెప్పుకున్నారు. 1994 దండోరా తర్వాత పేరు చివర 'మాదిగ' అని రాసుకున్న మన తరానికి ఆ తెగువ తెలుసు. అయినా 1975లో ఈ వాడల చిరునామాలు అచ్చేసిన రహస్య పుస్తకాలు బయటపడ్డాయి. ఉద్యోగం ఇచ్చే ముందు చూసుకోవడానికి కంపెనీలు కొనుక్కున్నాయి. బురకు వివక్షను తొలగించాలన్న పేరుతోనే 2016లో ఇంకో చట్టం తేవలసి వచ్చింది.

మనం తీసుకోవాల్సింది

జపాన్, మన దేశం ఒకటే అని మేము చెప్పడం లేదు. అక్కడ వర్ణాల నిచ్చెన లేదు. ఇక్కడ ప్రతి కులానికీ కింద తొక్కడానికి ఇంకో కులం ఉంది. అక్కడ సమాజంలో ఎక్కువమందిని కులాలుగా చీల్చలేదు, కొంతమందిని విడదీసి బయట పెట్టారు. ఈ తేడా మరిచిపోతే అంబేడ్కర్ చెప్పిన 'అంతస్తుల అసమానత' అర్థం కాదు.

అయినా జపాన్ మనకు ఒక మాట స్పష్టంగా చెబుతుంది. అంటరానితనానికి మనుస్మృతి ఒక్కటే తల్లి కాదు. శుద్ధి కావాలనుకునే రాజ్యం, ఆ శుద్ధికి చేతులు కావలసిన నగరం, ఆ చేతులకు పూర్వజన్మ పాపం అంటగట్టే మతం, ఆ పేరును వారసత్వంగా రాసిపెట్టే పట్టీ - ఈ నాలుగూ కలిస్తే ఏ దేశంలోనైనా అది తయారవుతుంది. వర్ణం లేకుండానే తయారయిందంటే, వర్ణాన్ని తిట్టినంత మాత్రాన పోదని కూడా అర్థం. పని, భూమి, పెళ్లి, కాగితం - ఈ నాలుగు చోట్లా దాన్ని తవ్వాలి. 1871 శాసనం కాగితం ఒక్కటే మార్చింది.

మన దేశంలో చేతులతో మలం ఎత్తించడాన్ని 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి చట్టంతో నిషేధించారు. మ్యాన్‌హోళ్లలో దిగి ఊపిరాడక చనిపోయే వార్తలు ఆ తర్వాతా వస్తూనే ఉన్నాయి. అక్కడ దిగేవాళ్ల కులం ఏమిటో అందరికీ తెలుసు. కామో నది ఒడ్డున వెయ్యేళ్ల కిందట మొదలైన లెక్క ఇక్కడ ఇంకా నడుస్తోంది: ఒకరి శుద్ధికి ఇంకొకరి మైల.

చరిత్ర చెప్పే ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి ఒక్కటే. మధ్యయుగ నాగరికతల పాఠం చెప్పేటప్పుడు ప్రతి నగరం దగ్గరా ఆగి పిల్లల చేత ఒక ప్రశ్న అడిగించండి. ఇక్కడ శవం ఎవరు ఎత్తారు, తోలు ఎవరు తీశారు, పెంట ఎవరు మోశారు అని. బాగ్దాదుకూ, క్యోటోకూ, మన ఓరుగల్లుకూ, మన హంపికీ అదే ప్రశ్న. జవాబు పుస్తకంలో దొరక్కపోతే రాయి వెనక చూడమనండి.